పది పరుగులకో గెలుపు: బేస్‌బాల్ లెక్కల మీద మీ ప్రశ్నలు

ఆ మధ్య ఐపీఎల్ వేలం గురించి రాస్తూ "అమెరికా బేస్‌బాల్‌లో బ్యాటింగ్ యావరేజ్ చూసి ఆటగాడికి రేటు కట్టే రోజులు పోయాయి" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాం. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. హైదరాబాద్‌లో బేస్‌బాల్ చూసేవాళ్ళు ఇంతమంది ఉన్నారా అంటే ఉన్నారు మరి. కొందరు పిల్లలు అమెరికాలో ఉన్న అమ్మానాన్నలు, ఇంకొందరు గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేస్తూ క్లయింట్లతో మాట కలపడానికి ఆట నేర్చుకున్నవాళ్ళు. కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. తిట్లున్న ఉత్తరాల్లో తిట్లు తీసేసి ప్రశ్న మాత్రం ఉంచాం.

ప్రశ్న: డల్లాస్‌లో మా అబ్బాయి దగ్గర కొన్నాళ్ళు ఉండి వచ్చాను. టీవీలో ఆట పెడితే బ్యాటర్ రాగానే స్క్రీన్ మీద యావరేజ్ పడుతుంది, .280 అనో .310 అనో. అది చూసి "వీడు బాగానే ఆడేట్టున్నాడే" అంటే మావాడు నవ్వుతాడు. "నాన్నా, అది చూడకు, దాంతో ఏమీ తెలీదు" అంటాడు. ఏమీ తెలియనిదాన్ని మరి టీవీలో ఎందుకు వేస్తున్నట్టు? (రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, నిజాంపేట)

జవాబు: అలవాటు కొద్దీ వేస్తున్నారండీ. అది నూట యాభై ఏళ్ళ అలవాటు, అంత తొందరగా పోదు. మీవాడు చెప్పిన తీరు కాస్త దురుసుగా ఉంది గానీ మాట మాత్రం ముప్పాతిక వంతు నిజం.

ఇక్కడ యావరేజ్ అంటే బ్యాటర్ ఆడిన అవకాశాల్లో ఎన్నిటికి హిట్ కొట్టాడన్నది, .280 అంటే వెయ్యికి 280. ఈ యావరేజ్ గోల మొదలైంది క్రికెట్ నుంచే, ఆ సంగతి మీవాడికి చెప్పండి. హెన్రీ చాడ్విక్ అని 1824లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టినాయన చిన్నప్పుడే అమెరికా వెళ్ళి, న్యూయార్క్ పత్రికలకి క్రికెట్ వార్తలు రాస్తూ రాస్తూ బేస్‌బాల్ మీద పడ్డాడు. మన స్కోర్‌కార్డు లాంటిదే బేస్‌బాల్‌కీ అలవాటు చేశాడు. అయితే ఒకచోట క్రికెట్ బుర్రతో ఆలోచించాడు. బేస్‌బాల్‌లో నాలుగు బేస్‌లూ వరుసగా చుట్టి వస్తే ఒక పరుగు. పిచర్ (మన బౌలర్ లాంటివాడు) నాలుగు బంతులు గతి తప్పి వేస్తే బ్యాటర్ ఊరికే ఫస్ట్ బేస్‌కి నడిచి వెళ్ళిపోతాడు కదా, దాన్ని 'వాక్' అంటారు. అది పిచర్ చేసిన తప్పు, ఇందులో బ్యాటర్ గొప్పేముంది అనుకున్నాడు చాడ్విక్. అందుకే ఇప్పటికీ వాక్‌లు యావరేజ్ లెక్కలోకి రావు, మంచికీ రావు, చెడుకీ రావు.

అసలు తేడా అక్కడే ఉంది. టీ20లో 120 బంతులు అయిపోతే వికెట్లు మిగిలినా లాభం లేదు. బేస్‌బాల్‌లో బంతులకి లెక్కే లేదు, ఉన్నవల్లా తొమ్మిది ఇన్నింగ్స్‌లో 27 ఔట్లు. ఔట్ కానంతసేపు ఆడుతూనే ఉండొచ్చు. అలాంటి ఆటలో చెడ్డ బంతిని ఓపిగ్గా వదిలేసి, ఔట్ కాకుండా బేస్ మీద నిలబడ్డవాడి పనిని సున్నా కింద కొట్టేస్తే ఆ లెక్కకి అర్థమేముంది? రెండో లోపం ఇంకా విచిత్రం. యావరేజ్‌లో సింగిల్‌కీ హోమ్‌రన్‌కీ ఒకటే విలువ. ట్రావిస్ హెడ్ కొట్టిన సిక్సునీ, థర్డ్‌మ్యాన్ వైపు తోసిన సింగిల్‌నీ ఒకే గాటన కట్టేస్తే ఉప్పల్ స్టేడియంలో జనం ఊరుకుంటారా?

జో మోర్గన్ అని 1970ల్లో సిన్సినాటికి ఆడినాయన ఉన్నాడు. కెరీర్ యావరేజ్ .271, చూస్తే మామూలు ఆటగాడే అనిపిస్తుంది. కానీ 1,865 వాక్‌లు సంపాదించాడు, వాటిని కలిపి చూసే ఆన్‌బేస్ శాతం .392. 1975, 1976 వరుసగా లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు. తమాషా ఏమిటంటే, ఆయనే కామెంటేటర్ అయ్యాక ఈ కొత్త లెక్కల్ని అందరికన్నా గట్టిగా తిట్టాడు. ఆయన విలువ బాగా కనపడేది ఆ లెక్కల్లోనే!

ఈసారి వెళ్ళినప్పుడు ఆన్‌బేస్ శాతం చూడండి. .400 దాటితే వాడు స్టార్. దానికి స్లగ్గింగ్ శాతం (హిట్‌కి ఎన్ని బేస్‌లు వచ్చాయో కూడా లెక్కేసే యావరేజ్) కలిపితే వచ్చేది ఓపీఎస్, అది .900 దాటిందంటే మీవాడు కూడా నవ్వడు.

ప్రశ్న: బేస్‌బాల్‌కి ఇన్ని లెక్కలున్నాయి, మన క్రికెట్‌కి ఎందుకు లేవు? మనవాళ్ళకి లెక్కలు రావనా? (డిగ్రీ విద్యార్థి, ఎల్బీనగర్)

జవాబు: లెక్కలు రాకపోవడమేంటయ్యా, నగరంలో వీధికో కోచింగ్ సెంటర్ ఉంది. ఆటలు వేరు, అంతే. బేస్‌బాల్‌లో ఏ క్షణంలో ఆపి చూసినా పరిస్థితి 24 రకాల్లో ఒకటి. మూడు బేస్‌లలో ఎవరెవరున్నారన్నది ఎనిమిది రకాలు, ఔట్లు సున్నా, ఒకటి, రెండు అని మూడు రకాలు. బేస్‌లు ఖాళీగా, ఔట్లు సున్నాగా ఉంటే ఆ ఇన్నింగ్స్‌లో సగటున దాదాపు అర పరుగు వస్తుంది. మూడు బేస్‌లూ నిండి ఔట్లు లేకపోతే రెండు పైచిలుకు. కాబట్టి ఒక్కో దెబ్బ జట్టుని ఏ గడిలోంచి ఏ గడిలోకి తీసుకెళ్ళిందో చూస్తే ఆ దెబ్బ విలువ పరుగుల్లో తేలిపోతుంది. క్రికెట్‌లో పిచ్ మారుతుంది, బంతి పాతబడుతుంది, సాయంత్రం మంచు పడుతుంది, ఇద్దరు బ్యాటర్లు కలిసి ఆడతారు. కష్టమే గానీ చేస్తున్నారు. ప్రతి ఐపీఎల్ డగౌట్‌లోనూ ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునే మనిషి చేసే పని ఏమిటనుకున్నారు?

ప్రశ్న: మా అమెరికన్ మేనేజర్‌ది డెట్రాయిట్. 2012లో కబ్రేరాకి ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడి అవార్డు) ఇవ్వడం న్యాయమేనని ఆయన, ట్రౌట్‌కి అన్యాయం జరిగిందని టీమ్‌లో ఇంకొకాయన, ఇప్పటికీ కాల్‌లో మొదటి పది నిమిషాలు కొట్టుకుంటారు. 'వార్' అని ఏదో అంటారు. అసలేమిటిది? నేనెవరి వైపు ఉంటే నా అప్రైజల్‌కి మంచిది? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, గచ్చిబౌలి)

జవాబు: అప్రైజల్ కోసమైతే కబ్రేరా వైపు ఉండండమ్మా, ఆలోచించక్కర్లేదు. నిజం కోసమైతే కాస్త పెద్ద కథ.

ఆ ఏడాది డెట్రాయిట్ టైగర్స్ బ్యాటర్ మిగెల్ కబ్రేరా .330 యావరేజ్, 44 హోమ్‌రన్‌లు, 139 ఆర్‌బీఐలతో మూడింటిలోనూ లీగ్‌లో మొదటివాడయ్యాడు. ఆర్‌బీఐ అంటే తన దెబ్బతో ఇంటికి చేర్చిన పరుగులు. మూడూ ఒక్కడికే వస్తే ట్రిపుల్ క్రౌన్ అంటారు. 1967 తర్వాత మళ్ళీ అప్పుడే. అటువైపు ఏంజెల్స్‌లో మైక్ ట్రౌట్, ఇంకా 21 నిండీ నిండని కుర్రాడు, అదే మొదటి పూర్తి సీజన్. అదైనా పూర్తి అనలేం, ఏప్రిల్ చివర్లో గానీ జట్టులోకి రాలేదు. .326 యావరేజ్, 30 హోమ్‌రన్‌లు, 49 బేస్‌లు దొంగిలించడం (బ్యాటర్ కొట్టకముందే తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరడం), 129 పరుగులు, పైగా సెంటర్‌ఫీల్డ్‌లో గోడెక్కి హోమ్‌రన్‌లు ఆపడం. పాత పద్ధతిలో చూస్తే కబ్రేరా. వార్ చూస్తే ట్రౌట్ పదికి పైన, కబ్రేరా ఏడు దగ్గర.

ఇక వార్ అంటే. మీ ఇల్లు కడుతున్న మేస్త్రీ విలువ ఎంతో తెలియాలంటే, ఆయన రోజుకి ఎంత గోడ లేపుతాడన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ఆయన రాని రోజు పొద్దున్నే లేబర్ అడ్డా మీద దొరికిన మనిషిని పిలుచుకొస్తే వాడెంత లేపుతాడు, వాడికన్నా మీ మేస్త్రీ ఎంత ఎక్కువ లేపుతాడు, ఆ తేడాకే మీరు ఎక్కువ డబ్బులిస్తున్నది. బేస్‌బాల్‌లో అడ్డా అంటే మైనర్ లీగ్. కనీస జీతానికి ఎప్పుడంటే అప్పుడు దొరికే ఆటగాళ్ళతోనే జట్టు మొత్తం నింపితే 162 ఆటల్లో 48 దాకా గెలుస్తుందని అంచనా. అలాంటివాడి స్థానంలో ఈయన ఉండడం వల్ల అదనంగా వచ్చిన గెలుపులు ఎన్ని, అదే వార్. బ్యాటింగ్, బేస్‌ల మధ్య పరుగు, ఫీల్డింగ్, అన్నీ ముందు పరుగుల్లోకి మారుస్తారు. సుమారు పది పరుగులకి ఒక గెలుపు. ఏ స్థానంలో ఆడతాడన్నది కూడా చూస్తారు, సెంటర్‌ఫీల్డ్‌లో నిలబడి బాగా కొట్టేవాడు దొరకడం ఫస్ట్ బేస్‌లో నిలబడి బాగా కొట్టేవాడు దొరకడం కన్నా కష్టం కాబట్టి.

ఓట్లేసింది 28 మంది విలేకరులు. మొదటి స్థానం ఓట్లు కబ్రేరాకి 22, ట్రౌట్‌కి 6. కబ్రేరా వాళ్ళ పెద్ద వాదన "మావాడు జట్టుని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళాడు" అన్నది. నాకు అన్నిటికన్నా బలహీనంగా కనపడే వాదన అదే. డెట్రాయిట్ 88 ఆటలు గెలిచింది, ఏంజెల్స్ 89. ఎక్కువ గెలిచినవాళ్ళు ఇంటికి పోయి, తక్కువ గెలిచినవాళ్ళు ముందుకెళ్ళారంటే అది వాళ్ళున్న డివిజన్ మహిమ, కబ్రేరాది కాదు. నా ఓటు ట్రౌట్‌కే. కాకపోతే వార్‌లో ఫీల్డింగ్ భాగం అంత నమ్మకమైనది కాదు, ముఖ్యంగా ఒక్క సీజన్ లెక్క. పిచర్లకైతే బేస్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైట్ వాళ్ళ వార్ ఒకటి, ఫ్యాన్‌గ్రాఫ్స్ వెబ్‌సైట్ వాళ్ళది ఇంకొకటి. ఒకరు నిజంగా ఇచ్చిన పరుగులు లెక్కేస్తారు, ఇంకొకరు స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లు పడి బ్యాటర్ ఔట్ కావడం), వాక్‌లు, హోమ్‌రన్‌ల నుంచి లెక్క కడతారు. కాబట్టి 6.1 వాడికన్నా 6.4 వాడు గొప్ప అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఏడుకీ పదికీ తేడా మాత్రం అలా కొట్టిపారేసేది కాదు.

అన్నట్టు, 2013లో కూడా ఇదే గొడవ జరిగింది, మళ్ళీ కబ్రేరాయే గెలిచాడు. ఆ ఏడాది సంగతి మీ మేనేజర్ దగ్గర ఎత్తకండి, ఇంకో పది నిమిషాలు పోతాయి.

ప్రశ్న: ఓక్లండ్ జట్టు మీద వచ్చిన హాలీవుడ్ సినిమా 'మనీబాల్' చూశాం. డబ్బుల్లేని జట్టు లెక్కలతో గెలిచినట్టు చూపించారు. అంతా నిజమేనా? (దంపతులు, వనస్థలిపురం)

జవాబు: సగం. ఓక్లండ్ 2002లో 103 ఆటలు గెలిచింది, వరుసగా 20 గెలిచింది, జీతాల ఖర్చు సుమారు 4 కోట్ల డాలర్లు, న్యూయార్క్ యాంకీస్‌ది సుమారు 12.5 కోట్లు. ఇవి నిజాలే. వాక్‌లు సంపాదించేవాళ్ళని మిగతా జట్లు తక్కువ రేటుకి వదిలేస్తుంటే ఓక్లండ్ జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ ఏరుకున్నాడన్నదీ నిజమే. సినిమాలో పక్కకి నెట్టేసినది ఏమిటంటే, ఆ ఏడాది లీగ్ ఎంవీపీ మిగెల్ టెహాడా, బెస్ట్ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్న బ్యారీ జీటో, ఇద్దరూ ఓక్లండ్ వాళ్ళే. హడ్సన్, మల్డర్ అని ఇంకో ఇద్దరు గొప్ప పిచర్లు కూడా ఉన్నారు. వాళ్ళని ముందుపెడితే సినిమాకి కథ ఉండదు మరి. ప్లేఆఫ్స్‌లో మొదటి రౌండ్‌లోనే మిన్నెసోటా చేతిలో ఓడిపోయారు.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్ళుగా సికింద్రాబాద్‌లో పిల్లలకి క్రికెట్ నేర్పుతున్నాను. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకి ఆట ఏం తెలుసు? మన లక్ష్మణ్ టెస్ట్ యావరేజ్ 45.97. యాభైకి పైన ఉన్నవాళ్ళు బోలెడుమంది. మరి కోల్‌కతాలో ఆ 281 వాళ్ళలో ఎవరు కొట్టారు? అది ఏ లెక్కకి దొరుకుతుంది? (కోచ్, మారేడ్‌పల్లి)

జవాబు: గురువుగారూ, లక్ష్మణ్ పేరు తీస్తే హైదరాబాద్‌లో ఎవడు ఎదురు మాట్లాడతాడు? కానీ మీ ఉదాహరణ మీ వాదనకే అడ్డం వస్తోంది. 45.97 కూడా లెక్కే కదా! లక్ష్మణ్‌ని తక్కువ చేసి చూపిస్తున్నది కంప్యూటర్ కాదు, మీరూ నేనూ చిన్నప్పటి నుంచి నమ్ముకున్న పాత యావరేజ్. అమెరికాలోనూ ఇంతే. ఆట తెలిసినవాళ్ళు ఒకవైపు, లెక్కలవాళ్ళు ఒకవైపు అని చెప్పుకుంటారు గానీ, గొడవ చాలావరకు పాత లెక్కకీ కొత్త లెక్కకీ మధ్యే. పిచర్‌ని 'ఎన్ని గెలిచాడు' అని చూడడం కూడా లెక్కే, కాకపోతే మోసపు లెక్క. 2010లో సియాటిల్ పిచర్ ఫీలిక్స్ హెర్నాండెజ్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 2.27 పరుగులే ఇచ్చాడు. అయినా అతని ఖాతాలో 13 గెలుపులు, 12 ఓటములు. ఎందుకంటే సియాటిల్ బ్యాటర్లు పరుగులు చేయలేదు! యాంకీస్‌లో సబాథియాకి 21 గెలుపులు. పాత రోజులైతే సై యంగ్ సబాథియాకి పోయేదేమో, ఆ ఏడాది హెర్నాండెజ్‌కిచ్చారు. 2018లో న్యూయార్క్ మెట్స్ పిచర్ డిగ్రామ్‌కి 10 గెలుపులు, 9 ఓటములు, సగటు 1.70. అతనికీ ఇచ్చారు. పక్కవాళ్ళు ఆడకపోతే ఆ పాపం ఇతనికి ఎందుకు అంటగట్టాలి అన్నదే కొత్త లెక్క అడిగిన ప్రశ్న. మైదానంలో మీరు పిల్లలకి చెప్పేది కూడా ఇదే అయి ఉంటుంది.

కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళ మాటకొస్తే, ఈ లెక్కలకి ఊపు తెచ్చిన బిల్ జేమ్స్ మొదలుపెట్టినప్పుడు కంప్యూటర్ ముందు కూడా లేడు. కాన్సస్‌లో డబ్బాల్లో చిక్కుళ్ళు నింపే ఫ్యాక్టరీలో నైట్ వాచ్‌మన్. రాత్రిళ్ళు పేపర్లలో వచ్చే స్కోర్లు ముందేసుకుని లెక్కలు కట్టి, 1977లో సొంత డబ్బుతో అచ్చేసుకున్నాడు. పాతికేళ్ళ తర్వాత బోస్టన్ రెడ్ సాక్స్ పిలిచి ఉద్యోగమిచ్చింది. ఆ జట్టు 1918 తర్వాత మళ్ళీ వరల్డ్ సిరీస్ (సీజన్ చివరి ఫైనల్) గెలిచింది 2004లో.

మీ వైపు నిజం కూడా ఉంది, అది దాచను. వార్ లాంటివి సందర్భాన్ని కావాలనే పక్కన పెడతాయి. ఫాలోఆన్ ఆడుతూ ద్రవిడ్‌తో 376 పరుగులు జోడించి కొట్టిన 281కీ, చప్పటి పిచ్ మీద డ్రా అయ్యే ఆటలో కొట్టిన 281కీ తేడా చూపవు. సందర్భాన్ని కొలిచే లెక్క వేరే ఉంది. ప్రతి బంతికీ గెలిచే అవకాశం ఎంత పెరిగింది, ఎంత తగ్గిందని చూస్తారు. జరిగిన కథ చెప్పడానికి నాకు అదే ఇష్టం. కానీ వచ్చే ఏడాది ఎవరికి ఎంత జీతమివ్వాలన్న ప్రశ్నకి అది పనికిరాదు, ఎలాంటి సమయంలో బ్యాటింగ్‌కి రావాలన్నది బ్యాటర్ చేతిలో ఉండదు కదా.

ఇంకో సంగతి మీకు నచ్చుతుంది. బేస్‌బాల్‌లో క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) బంతిని ఎంత మెత్తగా అందుకుంటే అంపైర్ దాన్ని అంత స్ట్రైక్ అనుకుంటాడని పాత కోచ్‌లు ఎప్పటి నుంచో చెప్పేవారు. లెక్కలవాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. 2000ల చివర్లో ప్రతి బంతి దారినీ పట్టే కెమెరాలు వచ్చాక చూస్తే కోచ్‌ల మాటే నిజమైంది. హొసే మొలీనా అనే క్యాచర్‌కి బ్యాటింగ్ అంతంతమాత్రమే, అయినా ఆ ఒక్క విద్యతో జట్టుకి ఎన్నో పరుగులు మిగిల్చేవాడని తేలింది. మీ కంటికి ముందే తెలిసినదానికి వాళ్ళు రేటు కట్టారంతే.

ప్రశ్న: లెక్కలతో ఆట చచ్చిపోతోందని నా బాధ. 2020 వరల్డ్ సిరీస్‌లో స్నెల్‌ని బయటికి లాగేసిన రోజు టీవీ కట్టేశాను. (అమెరికా నుంచి తిరిగొచ్చిన పాఠకుడు, కొండాపూర్)

జవాబు: ఆ రోజు చాలామంది కట్టేశారు. చూడనివాళ్ళ కోసం చెప్తాను. ఆరో ఆట, టాంపా బే ఓడితే సిరీస్ అయిపోయినట్టే. వాళ్ళ పిచర్ బ్లేక్ స్నెల్ 73 బంతులే వేశాడు, తొమ్మిది మందిని స్ట్రైకౌట్ చేశాడు, ఇచ్చినవి రెండే హిట్లు, జట్టు 1-0తో ముందుంది. రెండో హిట్ పడగానే మేనేజర్ కెవిన్ క్యాష్ వచ్చి బంతి తీసుకున్నాడు. ఒకే పిచర్‌ని మూడోసారి ఎదుర్కొంటే బ్యాటర్లు బాగా ఆడతారన్నది రుజువైన లెక్క, అందుకని. కానీ తర్వాత రావాల్సిన ముగ్గురూ అప్పటికి తలా రెండుసార్లు స్నెల్ చేతిలో స్ట్రైకౌట్ అయినవాళ్ళే! వచ్చిన కొత్త పిచర్ నిక్ ఆండర్సన్, అంతకుముందు ఆరు ఆటల్లో వరుసగా పరుగులిచ్చినవాడు. ఎదుటి జట్టు డాడ్జర్స్ అప్పటికప్పుడే ముందుకెళ్ళి 3-1తో గెలిచింది. నన్నడిగితే అక్కడ లెక్క తప్పలేదు, సగం లెక్కే చూశారు. స్నెల్ అలసిపోతాడేమో అన్నది చూసినవాళ్ళు ఆండర్సన్ అప్పటికే అలసిపోయాడన్నది చూడలేదు.

ఆట చప్పబడిందన్న మాట మాత్రం ఒప్పుకోవాల్సిందే. అందరికీ అవే లెక్కలు తెలిసేసరికి అందరూ ఒకేలా ఆడడం మొదలుపెట్టారు. హోమ్‌రన్, లేదంటే స్ట్రైకౌట్, లేదంటే వాక్, ఫీల్డర్లకి పనే తగ్గిపోయింది. 2022లో లీగ్ మొత్తం యావరేజ్ .243కి పడింది, 1968 తర్వాత అంత తక్కువ లేదు. అందుకే 2023లో బేస్‌ల దగ్గర నిలబడే ఫీల్డర్లలో ఇద్దరికన్నా ఎక్కువమందిని సెకండ్ బేస్‌కి ఒకవైపే మోహరించడం నిషేధించారు, పిచర్లకి గడియారం పెట్టారు. ఆట సమయం మూడు గంటల పైనుంచి 2 గంటల 40 నిమిషాలకి దిగింది. ఇప్పుడు మళ్ళీ టీవీ పెట్టొచ్చు.

ప్రశ్న: ఈ లెక్కల వల్ల చివరికి లాభం ఎవరికి? ఆటగాడికా, యజమానికా? (ట్రేడ్ యూనియన్ కార్యకర్త, రామచంద్రాపురం)

జవాబు: మంచి చోట పట్టుకున్నారు. ఎక్కువగా యజమానికే. ముప్పై దాటాక ఆటగాడి ఆట పడిపోతుందని లెక్కలు చెప్పాయి. అప్పటిదాకా పాత ఘనతకి కలిపి పెద్ద కాంట్రాక్టులిచ్చేవాళ్ళు, అది తగ్గించేశారు. 2017-18 చలికాలంలో పేరున్నవాళ్ళు కూడా నెలల తరబడి సంతకం చేసే జట్టు కోసం ఎదురుచూశారు. ఇటు చూస్తే కుర్రాళ్ళు మొదటి మూడేళ్ళూ కనీస జీతానికి దగ్గర్లోనే ఆడాలి. బాగా ఆడే వయసులో జీతం లేదు, జీతం వచ్చే వయసుకి "నీ పని అయిపోయింది" అంటారు. దీని మీదే యూనియన్ పట్టుబడితే 2022 ఒప్పందంలో కుర్రాళ్ళ కోసం ఏటా 5 కోట్ల డాలర్ల బోనస్ నిధి పెట్టారు. అందులో అవార్డులు తెచ్చుకున్నవాళ్ళకి పోగా మిగిలింది వార్ లెక్క ప్రకారమే పంచుతారు, ఆ సూత్రం రెండు వర్గాలూ కలిసి ఒప్పుకున్నది. అభిమానులు కొట్టుకోవడానికి పుట్టిన అంకె చివరికి జీతాల పట్టీలోకి ఎక్కింది. ఫీల్డింగ్ భాగం అంత నమ్మకమైనది కాదని పైన రాశాను చూడండి, ఆ అనుమానం ఇక్కడ డబ్బులతో ముడిపడింది. యూనియన్‌లో ఉన్నవాళ్ళు స్టాటిస్టిక్స్ నేర్చుకోక తప్పని రోజులు వచ్చాయి, మీకు వేరే చెప్పాలా?

ప్రశ్న: ఉస్మానియాలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. ఆటల లెక్కల్లో ఉద్యోగం చేయాలని ఉంది. ఇంట్లో "ఆటలతో అన్నం వస్తుందా" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? పైథాన్ నేర్చుకోవాలా, ఆర్ నేర్చుకోవాలా? (విద్యార్థిని, తార్నాక)

జవాబు: ఇంట్లోవాళ్ళకి చెప్పండి, ఈ పని నేర్చుకున్నవాళ్ళు ఆటల్లో ఉద్యోగం రాకపోయినా బ్యాంకుల్లో, ఇన్సూరెన్స్‌లో పనికొస్తారని. అది అబద్ధం కూడా కాదు. ముందు డేటా దించుకోండి, డబ్బులు కట్టక్కర్లేదు. పాత బేస్‌బాల్ ఆటల వివరాలు రెట్రోషీట్‌లో, ఇప్పటి కెమెరాల లెక్కలు బేస్‌బాల్ సావంట్‌లో, క్రికెట్‌కి బంతి బంతికీ వివరాలు క్రిక్‌షీట్‌లో దొరుకుతాయి. పైన చెప్పిన 24 గడుల పట్టిక రెట్రోషీట్ నుంచి మీరే కట్టండి. అది వచ్చాక టీ20కి అలాంటిదే చేయండి, మిగిలిన బంతులు ఒకవైపు, మిగిలిన వికెట్లు ఇంకోవైపు పెట్టి. ఉప్పల్‌కీ చెన్నైకీ పట్టిక ఎంత మారుతుందో చూస్తే మీకు రాయడానికి బోలెడు దొరుకుతుంది. అది ఎక్కడైనా నలుగురూ చూసేలా పెట్టండి, ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా దాని గురించే ఎక్కువ అడుగుతారు. పైథానా, ఆర్‌ఆ అంటే ఏదైనా ఒకటే, మీ డిపార్ట్‌మెంట్‌లో ఏది నేర్పుతుంటే అది.